టోకెలావ్ పెద్దమనిషి

నజ్మా, దోహా
1996 ఫిబ్రవరి

ఒరేయ్ రాజేందరూ, నా ఒక్కగానొక్క బామ్మర్దీ,

నీ బావ క్షేమమని రాస్తె అబద్ధం, చచ్చిండని రాస్తె గూడ అబద్ధం. రెండిటి నడుమ ఉన్న. ముందుగాల ఈ కాయితం లుంగిల చెక్కుకోని తాటివనంల, మన తాళ్లల్లకు పో. ఎవ్వలు లేని తావున సదువు. దీని లోపల ఇంకో కాయితం మడత పెట్టిన. అది మీ అక్క ముందట, వాడ జనం ముందట గట్టిగ సదివేది. ఇది నీకొక్కనికే.

సంగతేందంటె, మా కంపెనీ మూతవడ్డది. మమ్ముల తెచ్చుకున్న అరబ్బు యజమానిని ఈడ కఫీల్ అంటరు. ఆయన ఏ దేశం పోయిండో ఆయన ఒంటెకు గూడ తెల్వదు. మా పాస్‌పోర్టులు ఆయన బీరువల, బీరువ తాళం ఆయన జేబుల. కఫీల్ సంతకం లేనిది ఈ దేశం ఇడిచిపెట్టి పోనియ్యరు. మేముండే మెసైమీర్ క్యాంప్‌ల కరెంటు కోసిన్రు. ఇప్పుడు నజ్మాల బోధన్ గౌస్ మొహియుద్దీన్ భాయ్ రూముల ఉంటున్న. మంచం మీద ఆయన, మంచం కింద నేను. ఆయన గురక పెడ్తె నాకు భూకంపం.

ఇది మీ అక్కకు చెప్పకు. పక్కూరి మల్లేశం పాస్‌పోర్టు గుంజుకున్నరని ఇన్న నాడే బాలవ్వ ముద్ద ముట్టకుంట పండుకున్నదని నువ్వే రాసినవు. మొగనిదే గుంజుకున్నరంటె లేస్తదా?

అందుకే ఒక మతలబు చేసిన. అల్ దోహా అల్ జదీదాల ఆఫీసు బాబుల మెస్సుకు తిండి కోసం వంట చేస్తున్న. ఆడ డేనియల్ సారని అమలాపురం దిక్కాయన ఉన్నడు. దేశదేశాల సంగతులున్న లావు ఇంగ్లీషు బుక్కొకటి ఉన్నది ఆయన తాన. "సారూ, విమానం పోని దేశం, ఫోను లేని దేశం ఏదన్న ఉన్నదా?" అన్న. "మీకెందుకండీ బుచ్చన్నా?" అన్నడు. "కాపురానికి" అన్న. ఎతికి పెట్టిండు. కాయితం మీద నేనిప్పుడు ఆడనే ఉన్న. సదువుకో.

గట్టిగ సదివేది:

ఓ బాలవ్వా, నీ మొగడు ఇప్పుడు దోహాల లేడు. కంపెనీ నన్ను టోకెలావ్ అనే దేశానికి పంపింది, సముద్రం ఒడ్డుకు గోడ కట్టనీకి. ఇది మీరనుకునే దుబాయ్ కాదు. భూగోళానికి ఆవలి పక్క. మీకు పొద్దు పొడిచేసరికి మాకింక నిన్నటి మధ్యాహ్నమే నడుస్తుంటది.

మూడు దీవులు. ఒక్కొక్కటి నీళ్లల్ల పడ్డ గాజు తీరు ఉంటది: నడుమ మడుగు, సుట్టు సన్నటి భూమి. అది గూడ పలిగిన గాజు, ముక్కలు ముక్కలు. ఆ ముక్కల మీద ఊర్లు. గుట్ట లేదు, వాగు లేదు. దేశంల అన్నిటికంటె ఎత్తు జాగ మన పెంకుటింటి కొప్పంత. వాన పడ్తె ఇంటి మీది నీళ్లు పట్టుకోని తాగుడే. జనం మొత్తం కలిసి పదిహేను వందలు. మన సమ్మక్క జాతరల తప్పిపోయేటోల్లే అంతకంటె ఎక్కువ.

విమానం దిగనీకి జాగ లేదు. ఫోను లేదు. బ్యాంకు లేదు, అందుకే పైసలు వస్తలేవు. సమోవా అనే పక్క దేశం నుంచి ఎప్పుడన్న ఓడ వస్తది. అది గూడ రాళ్లు అడుగు చీరుతయని దూరం ఆగుతది, చిన్న పడవల మీద దిగాలె. ఉత్తరాలు కంపెనీ సంచిల దోహా పోయి, దోహా టిక్కెట్టుతోని మీకొస్తయి. అందుకే ఇప్పుడే రాలేను. చేపలు తింటున్న, కొబ్బరి తింటున్న. రంది పెట్టుకోకు.


ఎల్లమ్మపల్లె, వయా జగిత్యాల
మార్చి

బావకు,

అబద్ధం నువ్వు రాసి చెమటలు నాకు పట్టిచ్చినవు. అరుగు మీద వాడంత కూసున్నరు. 'పలిగిన గాజు' అన్న కాడ అక్క చేతులు చూసుకున్నది. ముత్తైదువ ముందట గా మాట ఎందుకు రాసినవే? నాలుక కొంచెం అదుపుల పెట్టు. కడమదంత మంచిగనే నమ్మింది.

కమలాదేవి టీచరమ్మ బడి పటం తెచ్చి ఎతికింది. టోకెలావ్ దొరకలే. నా పానం పోయింది. అక్కనే అన్నది, "గంత చిన్న దేశం, ఈగ పెంట అనుకోని తుడిచిన్రేమో టీచరమ్మా" అని. అందరు నవ్విన్రు. నేను బతికిన.

అక్క రాయమన్నది: ఉప్పు నీళ్లల్ల నిలవడితె కాళ్లు ఒరుస్తయి, కొబ్బరినూనె పుక్యానికి దొరుకుతది గదా, రాసుకో. నీళ్ల నడుమ పండుకునేటప్పుడు ఎల్లమ్మ తల్లి పేరు తలుసుకో.

ఇగ నీకొక్కనికే. నీ పాస్‌పోర్టు సంగతి ఇంటె నాకు బువ్వ దిగుతలేదు. తాళ్ల సంగతి ఏందంటె, నా చెట్లు కల్లుకు పొద్దుగాల గీస్తున్న, నీ చెట్లు మాపటీలి గీస్తున్న. కల్లు సొసైటీ పెద్ద ఓబులయ్య తాత ఊకె సణుగుతున్నడు: "చెట్టు ఎవని పేర ఉంటె వాడే ఎక్కాలె. మూడేండ్లాయె వాడు చెట్టెక్కే మోకు చూడక" అని. నేను ఎట్లనో ఆపుతున్న. రేపు నువ్వొస్తె నీకు, అక్కకు బతుకు ఆ తాళ్ల మీదనే గదా. చెట్లు పోతె ఊర్ల నీకేమున్నది? జల్ది వచ్చే తొవ్వ చూసుకో బావా.

రాజేందర్


నజ్మా, దోహా
ఏప్రిల్

బామ్మర్దీ,

నా కథకు నీ చెమటలు తోడైనయి, సంతోషం. మీ అక్క ఈగ పెంట మాట డేనియల్ సారుకు చెప్పిన. నవ్వి నవ్వి కండ్లద్దాలు తుడుచుకున్నడు.

రోజు పొద్దుగాల లేబర్ ఆఫీసు కాడ నిలవడుతున్న. ఆడ ఒకడు ఉంటడు, వానికి ఒక్కటే మాట వస్తది: "బుక్రా". రేపు అని. ఎన్ని బుక్రాలు అయిపాయెనో. నేను "సాబ్, మీ దేశంల రేపు తప్ప ఇంకేం పండదా?" అని తెలుగుల నవ్వుకుంట అడిగిన. వాడు గూడ నవ్వి "బుక్రా" అన్నడు.

చెట్ల గురించి ఓబులయ్యకు ఒక సురక పెడ్తున్న. కింది కాయితం ఆయనను పిలిచి ముందట కూసోబెట్టి సదువు.

గట్టిగ సదివేది:

వాడకట్టు అందరికి దండాలు. ఈ దేశం సర్కారు ముచ్చట చెప్త. ఊరికొక పెద్దమనుషుల సభ. దేశం మొత్తానికి పెద్ద అని ఒకడుంటడు. ఒక ఏడు ఈ దీవోడు, ఇంకో ఏడు ఆ దీవోడు. ఏడాది కాంగనే కుర్చి ఇడిచి ఇంటికి పోతడు. ఓబులయ్య తాతా, ఇంటున్నవా? నువ్వు లేస్తె సొసైటీ కుర్చి గూడ నీ ఎంబడి లేస్తది, గట్ల కాదు ఈడ. పైన పెత్తనం న్యూజిలాండ్ దొరలది. వాల్లు పెట్టిన అధికారి దీవిల ఉండడు, వాల్ల పట్నంల కూసోని ఏలుతడు. ఇండ్లల్ల పెత్తనం ఆడోల్లది. బాలవ్వా, నువ్వు పుట్టాల్సింది ఈడ. మనింట్ల మాత్రం ఏం తక్వ?

వడ్లు లేవు, మక్కలు లేవు. ఎండు కొబ్బరి అమ్ముతరు. పైదేశపోల్లు వీల్ల సముద్రంల చేపలు పట్టాలంటె కిరాయి కట్టాలె. టపా స్టాంపులు అచ్చేసి అమ్ముతరు. పదిహేను వందల మంది ఎన్ని ఉత్తరాలు రాస్తరు? అయినా లోకమంత కొంటరట, అతికియ్యనీకి గాదు, దాసుకోనీకి. కడమది న్యూజిలాండ్ ఇస్తది.

ఇగ అసలు ముచ్చట. వీల్లు కొబ్బరి చెట్లకు కల్లు గీస్తరు! గెల చెక్కి చిప్ప కడ్తరు, అచ్చం మన తీరే. నేను ఊకుంటనా? మోకు లేకుంట ఎక్కి చూపిచ్చిన. పెద్దమనుషులు తెరిచిన నోర్లు ఇంక మూయలే. నన్ను వాల్ల సంఘంల కలుపుకోని నా పేర ఒక వరుస చెట్లు రాసిచ్చిన్రు. మీ బుచ్చన్న ఇప్పుడు టోకెలావ్ గౌడు.


ఎల్లమ్మపల్లె
మే

బావా,

ఎంత పని చేసినవే.

ఓబులయ్య తాత అంత ఇన్నడు. కుర్చి మాటకు గూడ కోపం రాలేదు. నోట్ల చుట్ట తీసి నిమ్మలంగ అన్నడు: "ఆడ వాని పేర చెట్లు ఇచ్చిన్రా? మంచిగైంది. ఒక మనిషి రెండు వనాల చెట్టు పట్టద్దని మన కట్టుబాటు. ఈడి చెట్లు ఇడిచినట్టే."

నేను, "తాతా, మా బావ నవ్వులాటకు పరాష్కమాడిండు" అన్న.

"సగం ఉత్తరం పరాష్కమైతె సగం ఎట్ల నిజమైతదిరా? దీవి గూడ పరాష్కమేనా?" అన్నడు.

అక్క నా మొఖమే చూస్తున్నది. నేను కాయితం మడిచి జేబుల పెట్టుకున్న.

మర్నాడు సొసైటీ కూసున్నది. కాళ్లు పట్టుకున్నంత పని చేసిన. ఆఖరుకు ఇట్ల తేలింది: దసరాకు నువ్వు వచ్చి అందరి ముందట నీ చెట్టు నువ్వు ఎక్కాలె. అప్పటిదాక నీ బదులు నేను ఎక్కొచ్చు. కాని ఒక్క పూట నాగా పెట్టినా ఆ పూటనే చెట్లు తీసుకుంటరు.

బావా, నిజం చెప్పనా? నువ్వు ఏడ గీస్తలేవు, దోహాల ఇరుక్కున్నవు అని చెప్తె ఓబులయ్య తాత రాయి కాదు, ఆగుతడు. కాని తాతకు చెప్పుడంటె అక్కకు చెప్పుడే. 'చెప్పు' అని ఒక్క మాట రాయి. అక్కను నేను చూసుకుంట.

రాజేందర్


నజ్మా, దోహా
జూన్

రాజేందరూ,

చెప్పకు.

గౌస్ భాయ్ కబురు తెచ్చిండు, కఫీల్ తమ్ముడు బయటి దేశంకెల్లి వచ్చిండట. బీరువ తెరిపిస్తడట, సంతకాలు పెడ్తడట. నేను పోయి చూసిన గూడ, ఆఫీసు షట్టర్ సగం లేసి ఉన్నది. ఒక్క నెల ఆగు. దసరా ఇంక మస్తు దూరం. నేనే వచ్చి మోకు కట్టి ఎక్కుత, తాత చుట్ట నోట్లకెల్లి జారి పడాలె. గంత దాక వచ్చినంక నడుమల మీ అక్క పానం ఎందుకు తీసుడు?

డేనియల్ సారు గూడ నీ తీరే అంటున్నడు. "చెప్పెయ్యండి బుచ్చన్నా, మీ ఆవిడేగా" అని. "సారూ, మీరు చర్చిల కండ్లు మూసుకోని దేవునికి చెప్పుకుంటె అయిపాయె. నేను చెప్పుకోవాల్సింది వాడంత కూసున్న అరుగు మీద" అన్న. ఆయన గంటె పట్టుకోని రుచి చూసిండు. కూరల ఉప్పు ఎక్వైందని మాత్రం అన్నడు.

నిజం చెప్పాలంటె నాకు సిగ్గు అయితుందిరా. ఊర్ల ఎవన్నైన బకరా చేసినోన్ని నేను. పట్వారిని గాడిద మీద ఎక్కించినోన్ని. ఈడ ఒక తాళంచెవి నన్ను బకరా చేసిందంటె ఎట్ల చెప్పుకోవాలె?

ఈసారి గట్టిగ సదివేది రాయలేదు. పెన్ను పట్టుకుంటె నవ్వు వస్తలేదు. ఓడ రాలేదని చెప్పు.

బావ


ఎల్లమ్మపల్లె
జులై చివర్ల

బావా,

నువ్వు చెప్పకు అన్నవు, నేను చెప్పలే.

కఫీల్ తమ్ముడు సంతకం పెట్టిండా? రాయి.

ఈడ వానలు ఇడుస్తలేవు. చెట్లకు పాకురు పట్టింది. జారుతయని మోకు బిగిచ్చి కడ్తున్న, నువ్వు రంది పడకు. రెండు వరుసలు ఎక్కి దిగేసరికి మోకాళ్లు నావి కావు అన్నట్టు అయితున్నయి. మా ఇంటిది ప్రమీల పిండి కట్టు కడ్తున్నది. కట్టుకుంట తిడ్తున్నది. తిట్లన్ని నీకే, అందుకే నాకు నొప్పి తెలుస్తలేదు.

అక్క రోజు అడుగుతున్నది, ఓడ వచ్చిందా అని. మొన్న ఇగ ఆగలేక ఒక తెల్ల కాయితం చేతుల పట్టుకోని నేనే సదివిన. ఓడ గాలి దుమారానికి దారి తప్పి ఎనక్కి పోయిందని, నువ్వు ఒడ్డున నిలవడి చెయ్యి ఊపినవని. నీ అంత మంచిగ రాలేదు నాకు. ప్రమీల నా ఎనుక నిలవడి ఉన్నది. ఉత్త కాయితం చూసింది. లోపలికి పోయింది.

మబ్బు పట్టింది. మాపటి చెట్లకు పోవాలె.

రాజేందర్


ఎల్లమ్మపల్లె
సెప్టెంబర్

టోకెలావ్‌ల లేనాయనకు,

నేను చెప్తున్న, ప్రమీల రాస్తున్నది. నువ్వు రాసినయన్ని ఇప్పుడు మా ఇద్దరికి ఎర్కే.

రాజేందర్ నీ చెట్టు మీదికెల్లి పడ్డడు. ఆ నాడు వాన. ప్రమీల పోవద్దన్నది. నాగా పెడ్తె బావ చెట్లు పోతయని పోయిండు. నడుము కింద పానం లేదు. కరీంనగర్ దవాఖానల ఉంచి, ఇగ చేసేది లేదు, ఇంటికాడ పండవెట్టుకోన్రి అన్నరు. దవాఖానలనే అంత చెప్పిండు నాకు. దీవి లేదు, గోడ లేదు, నువ్వు ఎవలదో మంచం కింద ఉంటున్నవని. "బావ తప్పు లేదక్కా" అన్నడు. నేను ఎవలి తప్పని అడగలే.

చెట్లు తీసుకున్నరు. నీవి తీసుకున్నరు, వానివి గూడ తీసుకున్నరు. ఎక్కలేనోనికి చెట్టు ఉండదని కట్టుబాటు. ఓబులయ్య తాత కండ్లల్ల నీళ్లు పెట్టుకోని వాని మోకు గోడకు తలిగేసి పోయిండు. నేను ఆ మోకు తీసి లోపల పెట్టిన, వాని కండ్లకు కనవడద్దని.

నిజం చెప్తె నేను చస్తననుకున్నవా? ముద్ద ముట్టకపోదును. మల్ల ముట్టుదును. ఆకలి ఎన్నొద్దులు ఆగుతది? నువ్వు నన్ను అంత చిన్నగ చూసినవు, అది ఒక్కటి నాకు కాలుతున్నది.

రమ్మని రాయను. రాలేనోన్ని రమ్మంటె నీకు ఏడుపు, నాకు ఏడుపు. ప్రమీల నేను కలిసి వాన్ని లేపుతున్నం, పండవెడ్తున్నం. బీడీలు చేస్తున్నం. బతుకుతం.

ఒక్కటి చెయ్యి. వాడు గోడ దిక్కు మొఖం పెట్టుకోని ఉంటున్నడు. ఎవలతోని మాట్లాడడు. మొన్న ప్రమీల బువ్వ తినిపిస్తుంటె "ఓడ వచ్చిందా?" అన్నడు. అంత తెలిసినోడే అడిగిండు.

అందుకే, నువ్వు ఆ దీవి ముచ్చట రాయి. దాసుకోని సదివేది, గట్టిగ సదివేది అని రెండు రాయకు. ఒక్కటే రాయి.

బాలవ్వ


నజ్మా, దోహా
అక్టోబర్

రాజేందరూ,

ప్రమీలా, జర మెల్లగ సదువు తల్లీ. వానికి నవ్వు వచ్చిన కాడ ఆగు. రాకుంటె ఆగకు.

బాలవ్వా, ముందుగాల ఈడి సంగతి. సంతకం కాలేదు. సగం లేసిన షట్టర్ మల్ల కింద పడ్డది. కఫీల్ తమ్ముడని వచ్చినోడు తమ్ముడే కాదట, కిరాయి ఇల్లు ఖాళీ చేయించనీకి వచ్చినోడట. దసరాకు రాను. ఎప్పుడొస్తనో నాకు తెల్వదు. పొద్దుగాల లేబర్ ఆఫీసు కాడికి పోయి నిలవడుతున్న, మాపటికి తిరిగొస్తున్న. అంతకంటె ఏం చేయాల్నో ఎవ్వల్ని అడిగినా చెప్పలే.

ఇగ దీవి. రాజేందరూ, ఓడ రాలేదు. వచ్చినా నన్ను ఎక్కించుకోదు, నా వంట తిన్నరు గదా వాల్లు.

నవ్వు వచ్చిందా? నాకు గూడ రాలే.

మొన్న డేనియల్ సారును ఆ బుక్కు మల్ల సదివియ్యమన్న. ఇన్ని దినాలు నవ్వొచ్చే ముక్కలు ఏరుకోని రాసిన గదా. ఒక ముక్క నవ్వు లేదని ఇడిచిపెట్టిన. అది నీకు చెప్త.

ఆడ ఊరి మొగోల్లు కలిసి పడవలేసుకోని చేపల వేటకు పోతరు. వచ్చినంక ఎవని చేప వాడు ఇంటికి తీసుకపోడు. ఒడ్డున ఒక జాగ ఉన్నది, పట్టిన చేపలన్ని ఆడ పోస్తరు. పంచేటోల్లు ఇంటింటికి ఒక కుప్ప పెడ్తరు. ఇంట్ల ఎందరుంటె ఆ లెక్కన కుప్ప. పెట్టి, ఒక్కొక్క ఇంటి పేరు గట్టిగ పిలుస్తరు. ఈ ఇంటోడు సముద్రం మీదికి పోయిండా లేదా అని ఎవ్వలు అడగరు. ముసలోల్లకు పెడ్తరు. మొగదిక్కు లేని ఇంటికి పెడ్తరు. మంచంల ఉన్నోనికి పెడ్తరు. ఎవలు పట్టినా, అందరి వాటా అందరికి.

నేను, "సారూ, పోలేనోనికి గూడనా?" అన్న.

"అవునండీ, అలాగే ఉంది ఇందులో" అన్నడు.

"పరాష్కమాడుతలేరు గదా నాతోని?"

ఆయన బుక్కు నా దిక్కు తిప్పి వేలు పెట్టి చూపిచ్చిండు. నాకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ అక్షరాల దిక్కు చూసుకుంట మస్తు సేపు కూసున్న. పొయ్యి మీద అన్నం అడుగంటింది. సారు లేసి పోయి మంట తీసేసిండు, నన్ను తిట్టలే.

రాజేందరూ, ఆడ నేను గోడ కట్టింది అబద్ధం. చెట్టెక్కింది అబద్ధం. ఇది మాత్రం నేను పుట్టిచ్చింది కాదు. ఎక్కలేనోని పేరు గూడ పిలిచే ఊరు ఒకటి నిజంగనే ఉన్నదట. ఆ ఊరికి నిన్ను తీసుకపోలేను. నీ దగ్గరికి వచ్చి నీ కాళ్లు ఒత్తలేను.

గోడ దిక్కు కాకుంట, జర ప్రమీల దిక్కు తిరిగి పండుకో. పాపం ఇంతసేపు సదివింది.

నీ బావ
బుచ్చన్న